పరుపుల ఇంటి కుందేలు

కొత్తగా పశువైద్యంలోకి వచ్చిన పిల్లలకి అందరూ ధైర్యం నూరిపోస్తారు. పొడిచే గేదె ముందు నిలబడు, కరిచే కుక్క నోరు తెరిచి చూడు, దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పోనిచ్చి సరిచెయ్యి అంటారు. మంచి మాటలే. ఆ ధైర్యం ఉద్యోగంలో చేరేనాటికి నాకు లేదు, దిగిపోయేనాటికీ రాలేదు. గేదె తోక ఝాడించినా ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. మా ఆసుపత్రిలో నా వెనకాల నన్ను ‘అడుగు వెనక్కి మేడం’ అనుకునేవాళ్ళని రిటైరయ్యాక తెలిసింది. నిజమే కనక కోపం రాలేదు. కొంచెమే వచ్చింది.

అయితే పిరికివాళ్ళతో ఒక లాభం ఉంది. తాళం వేశాక మళ్ళీ లాగి చూసేది మేమే. అందరూ తేలిపోయిందనుకున్న దాన్ని ఇంకోసారి తిరగేసి చూసేదీ మేమే. ఆ అలవాటు ఒక ఇంటికి అక్కరకొచ్చిన సంగతి చెబుతాను. అది గేదెల సంగతి కాదు. ఒక కుందేలు ఎక్కడ ఉచ్చ పోస్తోందన్న సంగతి. నవ్వుకోండి, మేమూ మొదట్లో నవ్వాం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పటిదాకా దివిసీమ పల్లెల్లో గేదెలతో వేగిన నన్ను విజయవాడ ఆసుపత్రికి వేశారు. అక్కడ ఎక్కువగా కుక్కలొచ్చేవి. అప్పుడప్పుడే ఇళ్ళల్లో తెల్ల కుందేళ్ళని పెంచుకోవడం మొదలైంది. పంజరంలో పెట్టకుండా ఇంట్లోనే వదిలేసి, పిల్లిలాగా ఒక మూల ట్రేలో దొడ్డికి పోవడం నేర్పేవాళ్ళు. నేర్చుకున్నవి నేర్చుకునేవి, లేనివి ఇల్లంతా గబ్బు పట్టించేవి. మా పై డాక్టరు గారికి ఆ కేసులంటే చులకన.

“మా రోజుల్లో కుందేలంటే కూరండీ. ఇప్పుడు దానికి ఓపీ చీటీ రాస్తున్నాం,” అనేవారు.

మా కాంపౌండరు గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. కుందేలు వస్తే చాలు, “మేడం, మీ చుట్టం వచ్చింది,” అని లోపలికి కేకేసేవాడు. పిరికిదాని దగ్గరికి పిరికిది వచ్చిందని ఎత్తిపొడుపు. నాకు అర్థమయ్యేది, అర్థం కానట్టు ఊరుకునేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక రోజు పొద్దున ఒకాయన వచ్చాడు. కుందేల్ని బుట్టలో కాదు, కొత్త దిండు గలీబులో పెట్టి తెచ్చాడు. మూతి మాత్రం బయటికి కనిపిస్తోంది. ఆయన జుట్టు మీద, కనుబొమ్మల మీద దూది పీచు అంటుకుని ఉంది. కాలవ పక్క సందులో వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు. తాతల నాటి నుంచీ దూది ఏకిన ముస్లిం కుటుంబం. రెడీమేడ్ పరుపులొచ్చాక పని తగ్గి, పగలు ఆటోనగర్‌లో లారీ సీట్లకి కుషన్లు కుడుతున్నాడు. ఇంట్లో తల్లి, భార్య, ఒక్కతే కూతురు. ఆ పిల్ల జ్వరం పడి లేచినప్పుడు సరదా పడితే ఈ కుందేల్ని కొనిచ్చాడట.

“పరుపు తడుపుతుందండీ,” అన్నాడు. ఆయన నాతో అన్న మొదటి మాట అది.

“ట్రే పెట్టలేదా?”

“పెట్టానండీ. చెక్కతో పెట్టె చేసి మూలన పెట్టా. అందులో మెత్తగా దూది కూడా పరిచానండీ. మా ఇంట్లో దూదికి కరువా? చక్కగా దాంట్లోనే పోసుకునేది. ఇప్పుడు ఏకిన దూది కుప్పలో పోసిద్ది, కుట్టిన పరుపు మీద పోసిద్ది. పార్టీకి ఇయ్యాల్సిన పరుపు ఒకటి పాడైపోయిందండీ.”

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను. కుందేలు స్థలం ఒక్కటే గుర్తు పెట్టుకోదు, కాళ్ళ కింద ఏమి తగిలిందో కూడా గుర్తు పెట్టుకుంటుంది. గడ్డి మీద అలవాటైంది గడ్డి వెతుక్కుంటుంది, కాగితం మీద అలవాటైంది కాగితం వెతుక్కుంటుంది. దూది మీద అలవాటు చేస్తే ఏముంది, దూది ఎక్కడుంటే అదే దొడ్డి అనుకుంటుంది. ఆ ఇంట్లో గోడలు తప్ప మిగతాదంతా దూదే. ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు ఆయన ఎంతో ప్రేమగా చేశాడు.

ఏం చెయ్యాలో చెప్పాను. దూది తీసేసి పాత పేపర్లు వేసి పైన ఎండు గడ్డి పరవండి. తడిసిన పేపరు ముక్క ఒకటి అందులో ఉంచండి, వాసన పట్టి వస్తుంది. మేత పక్కనే పెట్టండి, తింటూ అక్కడే పోసుకుంటుంది. తప్పు చేస్తే కొట్టకండి, భయపడితే ఇంకా పోస్తుంది. ఆయన బడిపిల్లాడిలా తలూపుతూ విని, కుందేల్ని గలీబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కేసు విప్పేశానని నాకు లోపల ఒకటే సంబరం. మధ్యాహ్నం అన్నం దగ్గర పై డాక్టరు గారికి చెబితే ఆయన పొలమారేలా నవ్వారు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. దూది కుప్ప జోలికి పోవడం మానేసిందట. అమ్మకానికి కుట్టిన పరుపులూ బాగానే ఉన్నాయట. పెట్టెలోకే పోతోందట.

“మరింకేం?”

“మా పిల్ల పడుకునే పరుపు మాత్రం తడుస్తానే ఉందండీ. పొద్దున లేచి చూస్తే అది పరుపు మీదే కూర్చుని ఉంటది. మా అమ్మ అదే గదిలో నమాజు చేసుకుంటదండీ. చోటు శుద్ధంగా ఉండాలి కదా. రోజూ కడుగుడే.”

పాత వాసన పోలేదు, అందుకే అక్కడికి మళ్ళీ వస్తోందన్నాను. ఫినాయిలుతో కాదు, వెనిగరు నీళ్ళతో తుడిచి ఎండలో వెయ్యండన్నాను. పై డాక్టరు గారు పక్క గదిలోంచి విని, “ఇంకా దూది సిద్ధాంతమేనా? మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు,” అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా మాట సగం నిజమని తేలిందిగా మరి. పిల్లలూ, పూర్తిగా తప్పైన లెక్క ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. సగం ఒప్పైనదే మనల్ని నిద్రపుచ్చుతుంది.

మూడోసారి కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. ఏడెనిమిదేళ్ళ పిల్ల. గౌను భుజాల మీంచి జారిపోతోంది. కుందేల్ని ఒళ్ళో పెట్టుకుని దాని చెవులు నిమురుతూ బల్ల మీద కూర్చుంది. కూర్చున్నంతసేపూ మంచినీళ్ళు అడుగుతూనే ఉంది. కాంపౌండరు గారు కుండలోంచి ముంచి ఇచ్చి, “ఏం దాహమమ్మా, కృష్ణా నది తాగేసేటట్టున్నావ్,” అన్నాడు. విజయవాడ ఎండల్లో దాహం ఎవరికి వింత? మా ఆసుపత్రిలో కుండ మధ్యాహ్నానికే అడుగంటేది. నేనూ నవ్వాను.

“పిల్ల చిక్కిపోయిందేంటి?” అని అడిగాను.

“ఎండలకండీ. గ్లూకోజు నీళ్ళు తాగిస్తానే ఉన్నాం. దిష్టి తగిలిందని మా అమ్మ తాయెత్తు కూడా కట్టించింది,” అని, గొంతు తగ్గించకుండానే అసలు మాట చెప్పాడు. “నా వల్ల కావటల్లేదండీ. ఈ శుక్రవారం దాకా చూస్తా. మానకపోతే హనుమాన్ జంక్షన్‌లో మా బావమరిదికి ఇచ్చేస్తా. వాళ్ళకి రోడ్డు మీద హోటలుంది.”

హోటల్లో కుందేలు ఏమవుతుందో ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెవులు నిమిరే చెయ్యి ఆగిపోయింది. ఏడవలేదు. నా వైపు చూసింది. అంతకు ముందు అలాంటి చూపు నేను పిల్లల మొహంలో చూడలేదు. కుందేలు కోసం బతిమాలడం కాదది. ఏదో తప్పు నా నోటి నుంచి బయటపడుతుందేమోనని బెదిరిపోయి చూస్తున్నట్టుంది. ఎందుకో తెలియలేదు.

“అది పోస్తుండగా ఎవరైనా చూశారా?” అని అడిగాను.

“చూడటానికేముందండీ, పొద్దున దాని మీదే కూర్చుని ఉంటేనూ.”

“ఇల్లు చూస్తేగానీ చెప్పలేను. రేపు వస్తాను. పొద్దున తడిస్తే కడగొద్దని చెప్పండి, అలాగే ఉంచమనండి,” అన్నాను. ఇల్లు చూడకుండా కుందేలు అలవాట్ల గురించి మాట్లాడటం దండగ. కానీ వెళ్ళాలనిపించింది అందుకొక్కందుకే కాదు. తాళం మళ్ళీ లాగి చూడాలనిపించింది.

మర్నాడు గురువారం. ఆయన అప్పటికే ఆటోనగర్ వెళ్ళిపోయాడు. ముందు గది నిండా దూది కుప్పలు, చారల గుడ్డ తానులు. ఆయన భార్య నేల మీద కూర్చుని పొడుగాటి సూదితో పరుపు కుడుతోంది. మూల చిలక్కొయ్యకి ఆయన తల్లి నమాజు చాప మడత పెట్టి వేలాడుతోంది. ఆ పెద్దావిడే నాకు స్టూలు తెచ్చి వేసి, తన కొంగుతో తుడిచింది.

ముందు కుందేలు పెట్టె దగ్గరికి పోయాను. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. గడ్డి మీద గుండ్రటి పెంటికలు, పేపరు మీద ఆరిన తెల్లటి మరకలు. కుందేలు ఉచ్చలో సున్నం ఎక్కువ, ఆరితే ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొర మిగులుతుంది. అది ఇంత బాగా నేర్చుకున్న పెట్టెని నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత పిల్ల పరుపు చూశాను.

ఇంకా తడిగా ఉంది. వంగి చూశాను. తడి చుట్టూ పాత మరకలున్నాయి. ఒక దాని మీద ఒకటి, పసుపుపచ్చటి అంచులతో. వేలితో గీకాను. పొడి రాలలేదు. తెల్లదనం అనేదే లేదు. వేలికి కాస్త జిగురు తగిలింది. ఇంకా వంగితే ఆ అంచు కదులుతున్నట్టు అనిపించింది. అవి చీమలు. తడి చుట్టూ దండలాగా పట్టి ఉన్నాయి. నేల మీద ఎవరో చీమల సుద్దతో గీతలు గీశారు. చీమలు ఆ గీతల్ని చుట్టుకుని వచ్చాయి.

“బూరుగు దూదండీ,” అంది పిల్ల తల్లి సూది ఆపకుండా. “గింజ ఒక్కటి మిగిలినా చీమ పట్టిద్ది.”

“అమ్మకం పరుపులకి కూడా పడతాయా?”

ఆవిడ ఆలోచించింది. “వాటికి పట్టలేదండీ.”

కుందేల్ని ఎత్తి చూశాను. తడిలో కూర్చున్న కుందేలు వెనక కాళ్ళు పసుపెక్కాలి. దీని పాదాలు ఏకిన దూదికన్నా తెల్లగా, పొడిగా ఉన్నాయి. దాన్ని పెట్టె దగ్గర దించేశాను.

పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని, చేతిలో స్టీలు గ్లాసుతో. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. తనే మెల్లిగా అంది.

“కుందేలని చెప్పకండి ఆంటీ.”

“మరి ఎవరని చెప్పను?”

గ్లాసు ఎత్తి తాగేసింది. గ్లాసు అడుగున కరగని గ్లూకోజు తెల్లగా కనిపించింది.

నాకు తెలుసు. అప్పటికే తెలుసు. కానీ నేను ఎవరిని? పశువుల డాక్టర్ని. కుందేలు ఉచ్చ చూడటానికి వచ్చినదాన్ని ఆ ఇంటి పిల్ల ఉచ్చ గురించి మాట్లాడితే ఏమంటారు? పరుపులు కుట్టే ఇంట్లో పరుపు తడిపే ఆడపిల్ల ఉందని ఊళ్ళో తెలిస్తే ఎంత నామర్దా! అనుమానం తప్పైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? చెప్పాలంటే భయం, చెప్పకపోతే అంతకన్నా భయం. ఆ తడి చోట పరుపు కుట్టు విప్పించి, గుప్పెడు తడి దూది తీసి సీసాలో పెట్టుకున్నాను. కుందేలు పెట్టెలో తడి ఇంకో సీసాలోకి పట్టాను. “పరీక్ష చేసి వస్తా, ఎక్కడికీ వెళ్ళకండి. పిల్లకి ఆ గ్లూకోజు ఇవ్వడం ఆపండి,” అని ఆటో ఎక్కాను. ఎందుకని అడిగారు. “వచ్చి చెబుతా,” అన్నాను.

ఆసుపత్రిలో కుక్కలకి షుగరు చూడటానికి నీలం రంగు మందునీళ్ళు ఉండేవి. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి, కొన్ని చుక్కల ఉచ్చ వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే రంగు మారుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ఎర్రబడుతుంది.

నేను దూది పిండుతుంటే కాంపౌండరు గారికి అనుమానం వచ్చింది. “మేడం, ఇది కుందేలుదేనా?”

“కాదనుకుంటున్నా.”

“మనిషిదా? మన దగ్గరా? వద్దు మేడం. రేపు ఏదైనా అయితే మనమీదకొస్తది. ఆడపిల్ల సంగతి కూడాను.”

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నేనూ అదే అనుకుంటున్నాను. అయినా దీపం ఆయనే వెలిగించాడు, గొణుక్కుంటూ. మొదటి గొట్టంలో కుందేలుది కాచాం. మరిగింది, నీలంగానే ఉంది. రెండోదాన్ని మంట మీద పెట్టాను. ఆకుపచ్చ అయింది. ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. పసుపైంది, నారింజ రంగైంది. మా కళ్ళ ముందే కాల్చిన ఇటుక రంగులోకి దిగి అక్కడ నిలిచింది.

కాంపౌండరు గారు దీపం ఆర్పేశాడు. వెనక నుంచి పై డాక్టరు గారు ఎప్పుడొచ్చారో, రెండు గొట్టాలూ వెలుతురుకి పెట్టి చూశారు. ఈసారి సామెత చెప్పలేదు.

“ఎంత వయసు?” అన్నారు.

చెప్పాను.

“వెళ్ళండి.”

“నేను చెబితే నమ్ముతారా అండీ?”

“నమ్మకపోతే తిడతారు. తిట్లు మనకి కొత్తా? వెళ్ళండి ముందు.”

ఎర్ర గొట్టానికి బిరడా పెట్టి, దూదిలో చుట్టి బ్యాగులో వేసుకున్నాను. మళ్ళీ ఆటో. పిల్ల గుమ్మంలో కూర్చునే ఉంటుందని, గ్లాసు పట్టుకుని నా వైపు అలాగే చూస్తుందని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

గుమ్మంలో లేదు. లోపల పరుపు మీద పడుకోబెట్టారు. నేను వెళ్ళిన కాసేపటికి వాంతులు మొదలయ్యాయట. వడదెబ్బని తడిగుడ్డ వేశారు. పెద్దావిడ విసనకర్రతో విసురుతోంది. పిల్ల రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. పరిగెత్తి వచ్చినట్టు లోతుగా, గట్టిగా ఊపిరి తీస్తోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మొహం దగ్గర మొహం పెట్టాను.

ఆ వాసన నాకు తెలుసు. బాగా పాలిచ్చే గేదె ఈనిన కొద్ది రోజులకి మేత మానేసి, గుల్లబారిపోయినప్పుడు దాని ఊపిరిలో ఆ వాసన వస్తుంది. మాగిపోయిన పండు వాసన. దివిసీమ పాకల్లో లాంతరు పట్టుకుని ఎన్నిసార్లు పీల్చానో. ఒంట్లో నిప్పు తప్పుదారి పట్టి కొవ్వుని కాలుస్తోందని చెప్పే వాసన అది. ఇప్పుడది పసిపిల్ల నోట్లోంచి వస్తోంది.

“ఆసుపత్రికి పదండమ్మా. పిల్లలాసుపత్రికి. ఇప్పుడే.”

“వడదెబ్బేగా అండీ, సాయంత్రానికి...”

“వడదెబ్బ కాదు. షుగరు. పిల్లకి షుగరు జబ్బు వచ్చింది.”

తల్లి సూది కింద పెట్టి లేచింది. “చిన్నపిల్లలకి షుగరేంటండీ? మీరు కుందేల్ని చూడటానికొచ్చారు. మా పిల్ల కుందేలా, మీరు చెప్పటానికి?”

అది కోపం కాదు. నాకున్న భయమే ఆవిడకీ ఉంది, ఆవిడ నోట్లోంచి అలా వచ్చింది. నా కాలు అలవాటుగా వెనక్కి పోబోయింది. గోడ తగిలి ఆగింది. ఇంక వెనక్కి వెయ్యడానికి చోటు లేదు.

బ్యాగులోంచి గొట్టం తీశాను. “పరుపు తడిపింది కుందేలు కాదమ్మా. అది మీరు పెట్టిన పెట్టెలోనే పోసుకుంటోంది. ఈ చీమలు దూది గింజకి పట్టినవి కావు, చక్కెరకి పట్టాయి. పిల్ల పక్క తడిపింది, ఆపుకోలేక తడిపింది. చెప్పడానికి భయపడింది. ఈ రంగు చూడండి. నాకు మనుషుల వైద్యం రాదు. కానీ ఇలా ఊపిరి తీసే గేదెలు చికిత్స అందక పోవడం చూశాను. నన్ను తర్వాత తిట్టండి, ముందు పిల్లని ఎత్తండి.”

గదిలో విసనకర్ర చప్పుడు ఆగిపోయింది. పెద్దావిడ పిల్ల మొహంలోకి చూసింది, తర్వాత తన నమాజు చాప వైపు చూసింది. పిల్ల ఎవరికి భయపడి నోరు మూసుకుందో ఆవిడకి అప్పుడు తెలిసి ఉంటుంది.

“అశుద్ధమైతే నీళ్ళు పోసి కడుక్కుంటాం,” అంది. “పిల్ల పోతే ఏం పోసి కడుక్కుంటామే? ఎత్తు.”

కోడలు ఎత్తలేకపోతే ఆవిడే ఎత్తుకుంది.

ఆ ఆటో ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఎండకి రోడ్డు కాగిపోతోంది. కాలవ వంతెన మీద లారీ ఆగిపోయి, ముందు బస్సు, వెనక బస్సు. హారన్లు మోగుతుంటే పిల్ల ఊపిరి వినపడేది కాదు. వినపడనప్పుడల్లా పెద్దావిడ దాని ఛాతీ మీద చెవి పెట్టేది. నేను మొక్కని దేవుడు లేడు. ఆవిడ ఒక్క దేవుడికే మొక్కింది, పెదాలు కదుపుతూ, ఆగకుండా. ఆటో అతను దిగి వెళ్ళి లారీ డ్రైవర్ని ఏం తిట్టాడో, ఏం బతిమాలాడో, దారి వచ్చింది.

పిల్లల డాక్టరు చిన్నవాడు. “ఎవరు పంపారు?” అన్నాడు.

“నేనేనండీ. పశువుల డాక్టర్ని,” అని గొట్టం చేతికిచ్చాను. నవ్వుతాడనుకున్నాను. గొట్టాన్ని చూశాడు, వంగి పిల్ల ఊపిరి పీల్చాడు. అంతే, నర్సుని కేకేసుకుంటూ పిల్లని లోపలికి పరిగెత్తించాడు. తలుపు మూసుకుంది.

వరండాలో ఆడవాళ్ళిద్దరూ నేల మీద కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను. నా పరీక్ష తప్పేమో అన్న భయం పోయింది, ఒప్పేనన్న భయం పట్టుకుంది. ఆలస్యమైందేమో. నిన్న అదే పిల్ల మా కుండలో నీళ్ళు తాగుతుంటే నేను నవ్వాను.

పిల్ల తండ్రి కబురంది ఆటోనగర్ నుంచి పరిగెత్తుకొచ్చాడు. చొక్కాకి రెక్సిన్ ముక్కలు అంటుకుని ఉన్నాయి. నన్ను చూడగానే, “కుందేలు ఏం చేసిందండీ మా పిల్లని? ఏం అంటించింది?” అన్నాడు.

“అదేం చెయ్యలేదండీ. దాని పెట్టెలో అది పోసుకుంటోంది.”

మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి, “మరి పొద్దున్నే పరుపు మీద ఎందుకుంటదండీ?” అని అడిగాడు. నాకూ తెలియలేదు.

మూడో రోజుకి పిల్ల కళ్ళు తెరిచింది. నేను చూడటానికి వెళ్ళినప్పుడు చేతికి సూది, పక్కన సెలైను సీసా. ఇక జీవితమంతా రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలని డాక్టరు అప్పటికే ఇంట్లోవాళ్ళకి చెప్పాడు. తల్లి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పిల్ల నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“శుక్రవారం అయిపోయిందా?”

“అయిపోయింది.”

“జంక్షన్‌కి పంపించేశారా?”

“లేదు. ఇంట్లోనే ఉంది.”

అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపులోనే చెప్పింది. మొదట్లో కుందేలు నిజంగానే పరుపులు తడిపేది కదా, అందుకని తను తడిపిన రోజు కూడా కుందేలే అనుకున్నారట. ఊరుకుందట. తర్వాత రోజూ అవుతుంటే, అందరికన్నా ముందు లేచి, మూల పడుకున్న కుందేల్ని ఎత్తుకొచ్చి పరుపు మీద, తడి పక్కనే కూర్చోబెట్టేదట. “అది దిగిపోకుండా పట్టుకునేదాన్ని. అదేం అనేది కాదు ఆంటీ,” అంది.

మంచం అవతల తండ్రి నిలబడి విన్నాడు. నేను ఆయన మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. వచ్చి పిల్ల పాదాలు రెండూ తన చేతుల్లోకి తీసుకుని అలా పట్టుకుని కూర్చున్నాడు.

డిశ్చార్జి అయిన తెల్లవారి నేను మా ఆసుపత్రి తలుపులు తీయించేసరికి ఫోన్ మోగుతోంది. అంత పొద్దున్నే ఫోన్ మోగితే మంచి వార్త ఉండదని నా నమ్మకం. మొదటి రాత్రి ఇంట్లో గడిచింది. సూది మందు ఎక్కువైందేమో, తక్కువైందేమో, పిల్ల లేవలేదేమో. ఎత్తడానికి చెయ్యి రాలేదు. కాంపౌండరు గారు ఎత్తి, విని, రిసీవరు నా చేతిలో పెట్టాడు.

అవతల పిల్ల తండ్రి.

“పరుపు పొడిగా ఉందండీ,” అన్నాడు.

నేను బల్ల పట్టుకుని కూర్చున్నాను. పిల్ల ఎలా ఉందన్నాను. నిద్రపోతోందన్నాడు. పక్కన వాళ్ళ నానమ్మ కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోందన్నాడు. ఇంకేం అడగాలో తెలియక, వచ్చిన కేసు అదే కదా అని, “కుందేలు?” అన్నాను.

“పరుపు మీదే ఉందండీ,” అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. “ఇయ్యాల దాన్ని ఎవరూ పట్టుకోలేదండీ. అదే ఎక్కి పడుకుంది.”